రిలీజ్ వచ్చింది, కఫీల్‌ని తీసుకురండి

మా బావను పట్టుకెళ్ళింది ఒక సోమవారం మిట్టమధ్యాహ్నం. యజమాని పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చి ఇంటి దగ్గర దింపి, గేటు ముందు కారు తుడుచుకుంటున్నాడట. రెండు జీపులు వచ్చి ఆగాయి. చేతిలో తడిగుడ్డతోనే ఎక్కించారని ఎదురింటి తోటమాలి మా అక్కకు ఫోన్ చేసి చెప్పాడు.

బావ దోహాలో ఒక పెద్ద అధికారి ఇంట్లో డ్రైవరు. అక్క ఒక ప్రైవేటు క్లినిక్కులో నర్సు. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టుని. ముగ్గురం గోదావరి జిల్లా వాళ్ళమే, ఒకరి వెనక ఒకరం చేరినవాళ్ళం. తొంభైల నడిమి సంవత్సరాలవి. బావ యజమానిని అంతకు రెండు రోజుల ముందే అరెస్టు చేశారు. రాజ్యం మీద కుట్ర చేశాడని కేసు. ఆయన ఎవరితో ఏం మాట్లాడాడో, ఎందులో ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలీదు. మా బావకు మాత్రం ఆయన గురించి తెలిసింది ఒక్కటే, కారులో ఏసీ ఎంతలో పెడితే విసుక్కోకుండా కూర్చుంటాడో అది.

అయినా కుట్రదారుల్ని అటూ ఇటూ తిప్పిన కారు నడిపింది బావే కాబట్టి, అతన్నీ అందులో కలిపారు. దొంగతనమో, తాగి కొట్టుకోవడమో అయితే నాకు అంత భయం ఉండేది కాదు. అలాంటివి మావాళ్ళలో అప్పుడప్పుడూ జరిగేవి, నాలుగు చీవాట్లు తిని బయటపడేవాళ్ళు. ఇది రాజద్రోహం. దాని శిక్షలు ఎంతదాకా వెళ్తాయో తెలుసుగానీ, అక్క దగ్గర ఆ మాట ఎత్తేవాణ్ణి కాదు.

అక్కకు కావలసింది ఒక్కటే. కేసు ఎన్నేళ్ళు నడిస్తే నడవనీ, ముందు బావ బెయిల్ మీద బయటికి రావాలి.

"నువ్వున్నావు కదరా, నాకేం భయం," అంది మొదటి రోజు. నేనున్నాను కదా అని అక్క అనడానికి కారణముంది. మావాళ్ళలో అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కంపెనీలో వీసా కాగితాలు టైపు చేసీ చేసీ అబ్బిన విద్య అది. బతాకా, అంటే నివాస గుర్తింపు కార్డు, గడువు ఎప్పుడు, ఇంటి ఓనరు పంపిన నోటీసులో ఏముంది, కాంట్రాక్టులో ఏం రాశారు, ఏదొచ్చినా శుక్రవారం మా క్రైస్తవుల ప్రార్థన అయ్యాక నా చేతిలో పెట్టేవాళ్ళు. వెటకారానికి నన్ను వకీలుగారూ అనేవాళ్ళు. నేను పైకి చిరాకు పడేవాణ్ణిగానీ లోపల తెగ మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే మా కొంప ముంచింది.

లాయర్ని కుదిర్చింది మా కంపెనీలో ఫోర్‌మన్ భాయ్. కరీంనగర్ దగ్గరి ముస్లిం, ఇరవై ఏళ్ళుగా గల్ఫులో ఉన్నవాడు. ఆ లాయరు వేరే అరబ్బు దేశపు పెద్దాయన. మొదటి రోజే రెండు పనులున్నాయని విడదీసి చెప్పాడు. ఒకటి కోర్టులో బెయిల్. రెండోది వీసా. బావ కఫీల్, అంటే వీసాకు పూచీ ఉన్న యజమాని, తనే జైల్లో ఉన్నాడు గనక రేపు బావ బయటికి వచ్చినా కొత్త కఫీల్‌ని వెతుక్కోవాలి, ఆ సంగతి కూడా చూద్దాం అన్నాడు. ఈ రెండు పనులూ నా బుర్రలో పక్కపక్కన కూర్చున్నాయి.

మొదటి వాయిదాకు ధైర్యం చేసి నేనూ వెళ్ళాను. ఇంటివాళ్ళలో ఒకణ్ణి రానిచ్చారు, చివరి బల్ల మీద కూర్చోబెట్టారు. జడ్జి కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. ఆయనా ఇక్కడివాడు కాదు, కాంట్రాక్టు మీద తెచ్చుకున్నవాడని భాయ్ ముందే చెప్పాడు. ప్రాసిక్యూషన్ లాయరు కుట్రదారులు కలిశారన్న ఒక సాయంత్రం గురించి చాలాసేపు మాట్లాడాడు. జడ్జి అంతా విని, కళ్ళజోడు తీసి, దుబాసీ ద్వారా బావను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆ రోజు సాయంత్రం కారులో ఎవరిని తీసుకెళ్ళావు?"

"పిల్లల్నండి. చిన్నబ్బాయికి పన్ను నొప్పండి. డాక్టరు దగ్గరికండి," అన్నాడు బావ. అరబ్బు జడ్జి ముందు కూడా అండీ అండీ అంటూనే ఉన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

జడ్జి తలవంచి చాలాసేపు రాసుకున్నాడు. మంచి రాయడానికి అంతసేపు పట్టదు అనుకున్నాను. నా చూపు అలాంటిది. ఆఫీసరు కలం పట్టుకుంటే చాలు, మన ఉద్యోగం ఊడబెరకడానికే అనిపిస్తుంది నాకు.

బయటికి వచ్చాక భాయ్‌తో చెబితే ఆయన పెదవి విరిచాడు.

"అరె భాయ్, జరంత సోంచాయించు. జడ్జి సాబ్ గూడ మన లెక్కనే వీసా మీద వచ్చినోడే కద. ఆయనకు కఫీల్ ఎవరు? సర్కారే. సర్కారు మీద కుట్ర కేసుల ఆయన బెయిల్ ఎట్ల ఇస్తడు? ఇచ్చిండంటే తెల్లారి ఆయన సామాన్ సదురుకోవాలె."

ఆ మాటలో నాకు ఎంత సత్యం కనిపించిందో చెప్పలేను. అంతకుముందు నాకు తట్టనే లేదు. జడ్జికి కూడా కఫీల్ ఉంటాడు! ఏటా కాంట్రాక్టు రెన్యూ అవుతుందో లేదో అని ఆయనా మనలాగే క్యాలెండరు వైపు చూస్తాడు. ఆ రాత్రికల్లా నేను లోపల్లోపల తీర్పు రాసేశాను. ఈ జడ్జి బెయిల్ ఇవ్వడు. ఆయన స్థానంలో నేనుంటే ఇవ్వను కాబట్టి ఆయనా ఇవ్వడు.

ఆ పదిహేను రోజుల్లో మా చుట్టూ మనుషులు పల్చబడ్డారు. ఆ రోజుల్లో అక్కడ చర్చి లేదు. ఒక ఇంటి హాల్లో తలుపులు మూసుకుని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. మా అక్క వస్తే ఆ హాల్లో కుర్చీలు జరిగేవి. ప్రార్థన నడిపించే పెద్దాయన బావ పేరు ఎత్తకుండా 'ఇబ్బందుల్లో ఉన్న మన సహోదరుడు' అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండిపోతూనే నేనూ మెల్లగా అదే నేర్చుకున్నాను. కంపెనీలో ఎవరడిగినా బావ అని చెప్పకుండా 'మా ఊరివాడు' అనడం మొదలుపెట్టాను.

రెండో వాయిదాకు నేను వెళ్ళలేదు. డ్యూటీ ఉందని అక్కకు చెప్పాను. డ్యూటీ ఉన్నమాట నిజమే, అడిగితే రెండు గంటలు వదిలేవాళ్ళన్నదీ నిజమే. మొదటిసారి కోర్టు వరండాలో ఒకడు నన్ను ఎగాదిగా చూసి బతాకా అడిగి నంబరు రాసుకున్నాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఆ రోజు పదకొండింటికి ఆఫీసులో ఫోన్ మోగింది. లాయరు దగ్గర పనిచేసే మలయాళీ అమ్మాయి. ఇంగ్లీషులో గబగబా చెప్పింది.

"రిలీజ్ వచ్చింది. కఫాలా కావాలి. వెంటనే కఫీల్‌ని తీసుకురండి."

గల్ఫులో పని చేయనివాళ్ళకు ఇందులో చిక్కేముందో తెలియదు. అక్కడ మా నోళ్ళలో రిలీజ్ అంటే ఒక్కటే అర్థం. ఇతన్ని వదులుకుంటున్నాను, వేరేవాళ్ళు పెట్టుకోవచ్చు అని పాత కఫీల్ రాసిచ్చే కాగితం. కఫాలా అంటే కఫీల్ మన వీసాకు పడే పూచీ. ఈ రెండు మాటల చుట్టూనే మా బతుకులన్నీ తిరిగేవి. కాబట్టి నాకు అర్థమైంది ఇది: బావను పాత యజమాని వీసా నుంచి తప్పించారు, కొత్త కఫీల్‌ని వెతికి తీసుకెళ్ళాలి, లేకపోతే దేశం నుంచి పంపించేస్తారు.

"బెయిల్ సంగతేంటి?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఫోన్ మేనేజరు టేబుల్ మీద ఉంది. ఆయన కాఫీ తాగుతూ నావైపే చూస్తున్నాడు. కోర్టు, బెయిల్, కేసు అనే మాటలు ఆయన ముందు నా నోట రాకూడదు అనుకున్నాను. "ఓకే, ఓకే, ప్రయత్నిస్తాను" అని పెట్టేశాను.

సాయంత్రానికి ఆ అమ్మాయి కోర్టు కాగితం ఫ్యాక్స్ పంపింది. మసకమసకగా ఉంది. వకీలుగారు కదా నేను, కూడబలుక్కుని చదివాను. ఇఖ్లా అని ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేయమని ఓనర్లు పంపే నోటీసుల్లో ఉండే మాట. తర్వాత సబీల్ అని ఉంది. దారిపక్క మంచినీళ్ళ కుళాయిని సబీల్ అనడమే నాకు తెలుసు, అది ఇక్కడెందుకొచ్చిందో తెలియక వదిలేశాను. ఆ తర్వాత కఫాలా. ఖాళీ, కఫాలా. చూశావా, నేననుకున్నదే అన్నాను. పైగా ఒక తెలివి కూడా ప్రదర్శించాను. మన కోర్టుల్లో బెయిల్‌ని జామీను అంటారు, ఆ మాట అరబీ నుంచే వచ్చింది, బెయిల్ ఇచ్చి ఉంటే ఆ మాట ఉండాలి, ఇందులో లేదు!

"ఇవ్వలేదక్కా. పైగా వీసా తీసేశారు," అన్నాను అక్కతో.

అక్క గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "నువ్వెళ్ళి అడిగొచ్చావా, ఫోన్లోనేనా?" అంది.

"కాగితం నేనే చదివానక్కా."

నేను చదివానంటే మా ఇంట్లో దానికి అప్పీలు లేదు.

అక్కడినుంచి తొమ్మిది రోజులు నేను కఫీల్ కోసం తిరిగాను. కంపెనీలో బతిమాలాను, కుదరదన్నారు. భాయ్‌కి తెలిసిన ఇద్దరు అరబ్బుల మజ్లిస్‌లలో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదుల్లో, చెప్పులు విప్పి కూర్చుని వాళ్ళ ఖావా కాఫీ తాగి వచ్చాను. కేసు సంగతి తెలియగానే ఇద్దరూ మర్యాదగా లేచి నిలబడ్డారు. ఈలోగా ఆ మలయాళీ అమ్మాయి మళ్ళీ రెండుసార్లు ఫోన్ చేసింది.

"కఫీల్ దొరకడం లేదు, చాలా కష్టంగా ఉంది," అన్నాను.

"అంత కష్టమేముంది? ఎవరైనా పరవాలేదు. ఇక్కడ రెసిడెన్స్ ఉన్న మనిషి ఒకరు చాలు," అంది.

నేను ఫోన్ పెట్టేసి భాయ్‌తో కలిసి నవ్వాను కూడా. లాయరాఫీసులో పనిచేస్తూ ఈ పిల్లకు వీసా రూల్స్ తెలియవు, మనలాంటి కూలోళ్ళు కఫీల్స్ ఎలా అవుతారు అని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదో రోజు బస్సులో దోహా అవతల ఉన్న మెసయీద్ వెళ్ళాను. అక్కడ ఫ్యాక్టరీలకు బస్సులు తిప్పే ఒక ముసలి ఖతరీ ఉన్నాడు, మంచివాడని పేరు. కేసు సంగతి దాచకుండా చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ అంతా విన్నాడు.

"డ్రైవర్లు నాకు కావాలి. తీసుకుంటాను. కానీ ముందు వాణ్ణి బయటికి రానీ. లోపలున్నవాడికి వీసా ఎలా కొడతారు?" అన్నాడు.

తిరుగు బస్సులో ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నిజమే కదా. లోపలున్నవాడికి వీసా ఎలా కొడతారు? మరి కోర్టు కఫీల్‌ని ఎందుకు తెమ్మన్నట్టు? దోహాలో దిగగానే క్లినిక్కుకు వెళ్ళి అక్కను తీసుకుని, మొదటి రోజు తర్వాత మళ్ళీ తొక్కని లాయరాఫీసు మెట్లెక్కాను.

లాయరు నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "ఎక్కడికి పోయావయ్యా? నీకోసం ఎన్ని రోజులు చూడాలి?"

నేను నా గోడు చెప్పుకున్నాను. పదిమందిని అడిగానని, వీసా ఇవ్వడానికి ఎవరూ ముందుకు రావడం లేదని. ఆయన నా ముఖం వైపు అయోమయంగా చూశాడు. తర్వాత ఫైలు తీసి ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"ఇఖ్లా సబీల్. అంటే అతని దారి వదలమని. విడుదల. బి కఫాలా, పూచీ మీద. జడ్జి మీవాడికి బెయిల్ ఇచ్చాడు. ఆ రోజు అతన్ని కోర్టుకు తేలేదు, అతనికీ ఇంకా తెలియదు. ఇక్కడ నివాసమున్న ఒక మనిషి, కోర్టు భాషలో కఫీల్, పాస్‌పోర్టు జమచేసి సంతకం పెట్టాలి. అంతే అడిగాడు."

అక్కకు ఇంగ్లీషు నాకంటే బాగా అర్థమవుతుంది. హ్యాండ్‌బ్యాగు తెరిచి తన పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. మామూలుగా యజమానుల దగ్గరే ఉండేది, సెలవు కోసం క్లినిక్ వాళ్ళు అంతకు పదిరోజుల ముందే చేతికిచ్చారట. "ఇది సరిపోద్దా సార్?" అంది.

లాయరు దాన్ని ముట్టుకోలేదు. ప్రాసిక్యూషన్ పైకోర్టుకు వెళ్ళిందని, మొన్ననే ఫైలు అక్కడికి పంపారని, లోపలున్నవాళ్ళనెవరినీ అక్కడ తేలేదాకా వదలొద్దని ఉత్తర్వు వచ్చిందని చెప్పాడు. అప్పటికే బయటికి వచ్చి ఉంటే వేరే సంగతి అన్నాడు. ఆ జడ్జి రాసిన రెండు పేజీలు అరబీలో చదివి, ఇంగ్లీషులో చెప్పాడు. ఈ మనిషి యజమాని చెప్పిన చోటికి బండి నడిపాడు తప్ప అతనికేదీ తెలుసనడానికి ఆధారం లేదు, కేసు పెద్దదైనంత మాత్రాన చిన్నవాణ్ణి ఆధారం లేకుండా పట్టి ఉంచడానికి చట్టం ఒప్పదు అని. పిల్లవాడి పన్ను నొప్పి సంగతి కూడా రాశాడట. ఆ క్లినిక్కు చీటీ తెప్పించి చూశాడట. అంతసేపు ఆయన కలం కదిలింది దానికి.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తెలియక చేసిన తప్పు అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ ఆఫీసు మా కంపెనీ నుంచి టాక్సీలో పది నిమిషాలు. ఒక్కసారి వెళ్ళి అడగడానికి నాకు అరబీ అక్కర్లేదు. రాజద్రోహం కేసు లాయరు మెట్ల మీద నన్నెవరైనా చూస్తారని వెళ్ళలేదు. ఆ జడ్జి వీసా మీద ఉన్నవాడే, అయినా రాయాల్సింది రాసి సంతకం పెట్టాడు. నేను ఫోన్లో బెయిల్ అనే మాట పలకలేకపోయాను.

టాక్సీలో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అటే చూస్తూ అంది.

"ఆయనకి చెప్పకు. లాయరుగారినీ చెప్పొద్దంటాను. లోపలున్నప్పుడు ఇది తెలిస్తే పిచ్చెక్కిపోద్ది మనిషికి. బయటికొచ్చాక నువ్వే చెప్పాల. నేను చెప్పను."

ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో నెలకోసారి జాలీ అవతల బావను చూసి వచ్చేవాళ్ళం. బావ జడ్జి గురించి అడిగేవాడు. "ఆ కళ్ళజోడాయన ఏవన్నాడ్రా?" అని. నేను మాట మార్చి క్రికెట్ గురించో, ఊళ్ళో వానల గురించో చెప్పేవాణ్ణి. ఆ జడ్జి వేసవి సెలవులకు తన దేశం వెళ్ళాడని భాయ్ చెప్పాడు. తిరిగొచ్చాడో లేదో నాకు తెలీదు. కనుక్కోవడానికి భయపడ్డాను.

చివరికి పైకోర్టు కూడా బావ మీద ఏమీ లేదంది. చిక్కి సగమై బయటికి వచ్చాడు. మెసయీద్ ముసలాయన అన్నమాట నిలబెట్టుకుని ఉద్యోగమిచ్చాడు. నేను చెప్పలేదు. ఇవాళ చెప్పాలి, రేపు చెప్పాలి అనుకుంటూ రెండు వారాలు గడిపాను. అక్క నన్ను అడగలేదు, అన్నం పెట్టేటప్పుడు మాత్రం నా ముఖం చూడడం మానేసింది.

మూడో శుక్రవారం ప్రార్థనలో బావ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు తమకు చేసిన మేలు గురించి లేచి చెప్పుకోవడం మావాళ్ళ ఆనవాయితీ. హాలు నిండింది. కేసు పోయింది కదా, మనుషులంతా తిరిగొచ్చారు.

"లోపల నన్నెవరూ నమ్మలేదండి," అన్నాడు బావ. "ఆ కళ్ళజోడు జడ్జిగారు పిల్లోడి పన్ను నొప్పి గురించి రాసుకుంటంటే, ఈయన నమ్మాడనుకున్నానండి. కానీ ఆయనా వదల్లేదండి. ఆయన్ని నేనేం అనుకోనండి. ఆయనకీ ఉద్యోగవుంది, పెళ్ళాం పిల్లలుంటారు. నాలాంటి డ్రైవరు కోసం అంత పెద్దాయన ఎందుకు తెగిత్తాడండి? భయం ఎవరికైనా భయవే కదండి. ఆయన కోసం కూడా నేను రోజూ ప్రార్థన చేశానండి."

అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో అక్క మాత్రం అనలేదు. నా భయానికి ఆ జడ్జి పేరు పెట్టి బావ క్షమిస్తున్నాడు. పెద్దాయన ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగాడు. నేను లేచానని అందరూ నావైపు తిరిగాక గానీ నాకు తెలియలేదు.

దాచకుండా చెప్పాను. రిలీజ్ అన్న ఫోను, ఫ్యాక్సు, మెసయీద్, అక్క పాస్‌పోర్టు, అన్నీ. ఆ జడ్జి రాసిన మాటలు లాయరు చెప్పినవి చెప్పినట్టు అప్పజెప్పాను. బావ నిలబడే ఉన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"అంటే ఆయన నమ్మాడ్రా నన్ను?" అన్నాడు.

"నమ్మాడు బావా. మొదటి రోజే."

బావ కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"నన్ను బయటికి తేలేకపోయావ్, సరే. కాగితం అర్థం కాలేదు, సరే. నెలనెలా వచ్చేవోడివి కదరా, జాలీ అవతల నించుని క్రికెట్ చెప్పేవోడివి. ఆ ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది కదరా. ఏడు నెలలు నన్ను నమ్మినోడు ఈ దేశంలో ఒక్కడూ లేడనుకుని పడుకున్నాను."